జన్యువులు ఎంత, పరిసరాలు ఎంత? ఆ ప్రశ్నలోనే ఉంది చిక్కు

ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు ఒకటి ఉంది. డాక్టర్లు పొట్టిగా పీకేయూ అంటారు. 12వ క్రోమోజోమ్ మీద ఉండే ఒక జన్యువు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కూడా చెడిపోయి వస్తే బిడ్డకు ఇది వస్తుంది. పెంపకానికీ సావాసాలకూ ఇందులో పాత్రే లేదు. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనైన్ అనే పదార్థాన్ని మార్చాల్సిన ఎంజైమ్ ఈ పిల్లల్లో పనిచేయదు. అది రక్తంలో పేరుకుపోయి, ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. వైద్యం అందకపోతే తీవ్రమైన బుద్ధిమాంద్యం వస్తుంది.

1934లో నార్వే వైద్యుడు అస్బ్యోర్న్ ఫోలింగ్, మానసిక ఎదుగుదల లేని అక్కాతమ్ముళ్లిద్దరి మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేసి చూస్తే రంగు ఆకుపచ్చగా మారింది. జబ్బు ఆనవాలు అలా దొరికింది. వైద్యం దొరకడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. బర్మింగ్‌హామ్‌లో హోర్స్ట్ బికెల్ బృందం ఒక పాపకు ఫినైల్‌అలనైన్ బాగా తగ్గించిన ఆహారం ఇచ్చి చూసింది. పాప నెమ్మదిగా కోలుకుంది. ఆ పదార్థాన్ని మళ్లీ తిండిలో కలపగానే మొదటికి వచ్చింది. ఈ ఫలితాలు 1953లో అచ్చయ్యాయి. 1960లలో రాబర్ట్ గత్రీ, పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో జబ్బును పట్టేసే పరీక్ష తెచ్చాడు. మొదటి వారాల నుంచే తిండి మారిస్తే ఆ బిడ్డ అందరిలాగే చదువుకుంటుంది, ఉద్యోగం చేసుకుంటుంది. చక్కెర లేని కూల్‌డ్రింకుల డబ్బాల మీద చిన్న అక్షరాల్లో ‘ఫినైల్‌అలనైన్ ఉంది’ అని రాసేది వీళ్ల కోసమే.

ఇప్పుడు ఈ జబ్బులో జన్యువుల వాటా ఎంతో చెప్పమంటే ఏం చెప్పాలి? నూటికి నూరు పాళ్లు అనొచ్చు, జన్యులోపం లేనివాళ్లకు ఇది రాదు కాబట్టి. పరిసరాల వాటా ఎంతంటే, అదీ నూటికి నూరే. తిండి సరిచూసుకుంటే మెదడుకు నష్టమే జరగదు. రెండు వాటాలూ కలిపితే రెండొందలు అవుతోంది. లెక్క తప్పలేదు. అడిగిన ప్రశ్నే పంపకాల ప్రశ్నలా ఉంది, జరిగే పని మాత్రం పంపకం కాదు.

అయినా పత్రికల్లో ‘తెలివితేటలు ఇంత శాతం జన్యువుల వల్లే’ లాంటి వార్తలు వస్తూనే ఉంటాయి. ఆ శాతాలు ఊరికే పుట్టినవి కావు. హెరిటబిలిటీ అని ఒక కొలత ఉంది. ఒక జనాభాలో మనుషుల మధ్య కనబడే తేడాల్లో ఎంత భాగం వాళ్ల జన్యువుల్లో ఉన్న తేడాలతో ముడిపడి ఉందో అది చెబుతుంది. ‘తేడాల్లో’ అన్న మాటను వదిలేస్తే అర్థమంతా తలకిందులవుతుంది. ఎత్తుకు ఈ కొలత దాదాపు 80 శాతం. అంటే 170 సెంటీమీటర్ల మనిషిలో 136 సెంటీమీటర్లు జన్యువులు పెంచినవి, మిగతా 34 తిండి పెంచినవి అని కాదు. ఒక్క మనిషి విషయంలో ఆ మాటకు అసలు అర్థమే లేదు.

చేతి వేళ్ల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. చేతికి అయిదు వేళ్లు ఉండాలన్నది జన్యువుల పనే, సందేహం లేదు. కానీ పెద్దవాళ్లలో అయిదుకు తక్కువ వేళ్లున్నవాళ్లను వెతికితే, ఎక్కువమంది యంత్రాల్లో చెయ్యి పడి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లే కనిపిస్తారు. కాబట్టి వేళ్ల సంఖ్యకు హెరిటబిలిటీ చాలా తక్కువ. పూర్తిగా జన్యువులు నిర్మించినదానికే ఆ కొలతలో మార్కులు రాలేదన్నమాట.

దీనికి ఎదురు వైపు ఎత్తు. హెరిటబిలిటీ అంత ఎక్కువైనా దక్షిణ కొరియా మహిళల సగటు ఎత్తు ఒక శతాబ్దంలో 20 సెంటీమీటర్లు పెరిగింది. వందేళ్లలో జన్యువులు అంతగా మారవు. మారింది తిండి, ఆరోగ్యం. అందరికీ తిండి ఒకేలా మెరుగైతే సగటు పైకి వెళ్తుంది, మనుషుల మధ్య మిగిలే తేడాలు మాత్రం జన్యువులవే అవుతాయి. హెరిటబిలిటీ ఎక్కువ కాబట్టి మార్చలేం అనేవాళ్లు సగటునూ తేడానూ కలిపేస్తున్నారు. ఈ పొరపాటు బాగా చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ, ఎందుకంటే ఆ శాతం వాళ్లకే నోటికి వస్తుంది.

ఈ శాతాలు ఎక్కువగా కవలల అధ్యయనాల నుంచి వస్తాయి. ఒకే అండం రెండుగా విడిపోయి పుట్టిన కవలలకు జన్యువులన్నీ ఒకటే. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలలు మామూలు తోబుట్టువుల్లాంటివాళ్లే, వాళ్ల జన్యు తేడాల్లో సగటున సగం ఉమ్మడి. రెండు రకాల జంటలూ ఒకే ఇంట్లో, ఒకే సమయంలో పెరుగుతాయి. మొదటి రకం జంటల్లో పోలిక ఎంత ఎక్కువగా ఉంటే ఆ లక్షణంలో జన్యువుల ప్రభావం అంత ఎక్కువని లెక్క. అచ్చుగుద్దినట్టుండే కవలలను లోకం కూడా ఒకేలా చూస్తుంది కదా అన్న అభ్యంతరం ఎప్పటినుంచో ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు గానీ, పద్ధతిని మొత్తంగా కూలదోసేంత పెద్దదీ కాదు. 2015లో టింకా పోల్డర్‌మన్ బృందం యాభై ఏళ్ల కవలల అధ్యయనాలను ఒకచోట చేర్చింది. 2,748 పరిశోధన పత్రాలు, 17,804 లక్షణాలు, దాదాపు 1.45 కోట్ల జంటలు. కొన్ని జంటలు ఒకటికి మించిన అధ్యయనాల్లో ఉన్నాయి. సగటు హెరిటబిలిటీ 49 శాతం తేలింది. చెరిసగం అని శీర్షిక పెట్టుకోవడానికి వీలుగా ఉంది. కానీ కంటి నిర్మాణం నుంచి మతపరమైన నమ్మకాల దాకా అన్నిటినీ కలిపి తీసిన సగటు ఏ ఒక్కదాని గురించీ పెద్దగా చెప్పదు.

ఒక్కొక్కదాన్నీ విడిగా చూస్తేనే విషయం తెలుస్తుంది. ఉదాహరణకు దూరపు వస్తువులు మసకగా కనిపించే మయోపియా. కవలల అధ్యయనాల్లో దీని హెరిటబిలిటీ చాలా ఎక్కువ. అమ్మానాన్నలిద్దరికీ కళ్లజోడు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువన్నదీ నిజమే. దాంతో చాలాకాలం దీన్ని వంశంలో వచ్చే లోపంగానే చూశారు. తూర్పు ఆసియాలో జరిగింది ఆ అంచనాకు లొంగలేదు. ఒకటి రెండు తరాల్లోనే అక్కడి నగరాల్లో బడి చదువు ముగించే పిల్లల్లో 80 శాతం దాకా మయోపియా చేరింది. తాతలకు లేనిది మనవలందరికీ ఎలా వచ్చింది?

దీని మీద 2008లో వచ్చిన ఒక అధ్యయనం బాగా ఉపయోగపడింది. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ పెరుగుతున్న చైనా సంతతి పిల్లలను, ఆరేడేళ్లవాళ్లను, పోల్చి చూశారు. మూలాలు ఒకటే, అమ్మానాన్నల్లో మయోపియా కూడా ఇంచుమించు సమానమే. అయినా సింగపూర్ పిల్లల్లో 29.1 శాతం మందికి మయోపియా, సిడ్నీ పిల్లల్లో 3.3 శాతం మందికే. సిడ్నీ పిల్లలు తక్కువ చదువుతున్నారేమో అనుకుంటే అదీ కాదు, వారానికి వాళ్లే ఎక్కువ పుస్తకాలు చదువుతున్నారు. పెద్ద తేడా ఆరుబయట గడిపే సమయంలో ఉంది. సిడ్నీలో వారానికి 13.75 గంటలు, సింగపూర్‌లో 3.05 గంటలు. పగటి వెలుతురు కంటిలోపలి పొర నుంచి డోపమైన్ విడుదలను పెంచుతుందని, దాంతో కనుగుడ్డు అవసరానికి మించి పొడవుగా సాగకుండా ఉంటుందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. తర్వాత చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడులను తీసుకుని, సగం బడుల్లో రోజుకు 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్లకు మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా మయోపియా వస్తే, ఈ బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది.

మరి కవలల అధ్యయనాలు అబద్ధం చెప్పాయా? లేదు. ఒకే నగరంలో, ఒకే రకం బడిలో, అందరూ రోజంతా గదుల్లోనే కూర్చునే చోట ఎవరికి ముందొస్తుంది, ఎవరికి తర్వాతొస్తుంది అన్నది జన్యువులను బట్టే ఉంటుంది. ఆ బడిలో కూర్చున్నంతకాలం పరిసరాల ప్రభావం ఎవరికీ కనబడదు. అందరికీ సమానంగా ఉంది కాబట్టి లెక్కలోకే రాదు. పక్క దేశం పిల్లలతో పోల్చినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇక తాగుడు. తూర్పు ఆసియాలో చాలామందికి ఏఎల్‌డీహెచ్2 అనే జన్యువులో ఒక మార్పు ఉంటుంది. మద్యం కడుపులో పడ్డాక శరీరం దాన్ని ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మార్చి, ఆ తర్వాత దాన్నీ విరిచేయాలి. ఈ మార్పు ఉన్నవాళ్లలో ఆ రెండో పని నత్తనడక నడుస్తుంది. అరగ్లాసుకే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది. సహజంగానే వీళ్లు మద్యానికి బానిసలయ్యే అవకాశం తక్కువ. మనిషి ప్రవర్తన మీద ఒక్క జన్యువు ఇంత గట్టిగా పనిచేయడం అరుదు. అయినా జపాన్‌లో మద్యపాన వ్యసనానికి చికిత్స పొందుతున్నవాళ్లను పరీక్షిస్తే, ఈ మార్పు ఒక ప్రతిలో (ప్రతి జన్యువూ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటిగా రెండు ప్రతుల్లో ఉంటుంది) ఉన్నవాళ్లు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం ఉన్నారు. పదమూడేళ్లలో జన్యువు మారదు. దేశంలో తాగే అలవాటు పెరిగింది, ఆఫీసు అయ్యాక అందరితో కలిసి తాగాల్సిన ఒత్తిడి ఉండేది. ఆ ఒత్తిడి ముందు శరీరం చేసే హెచ్చరిక కొందరి విషయంలో చాలలేదు. రెండు ప్రతులూ ఉన్నవాళ్లు మాత్రం ఆ జాబితాలో దాదాపు కనబడరు, వాళ్లకు ఆ బాధ అంత తీవ్రం.

లావు విషయంలోనూ ఇలాంటిదే ఉంది. శరీర బరువుతో సంబంధం ఉన్న ఎఫ్‌టీఓ జన్యువు 2007లో బయటపడింది. దాని ఒక రూపం రెండు ప్రతుల్లో ఉన్నవాళ్లు సగటున మూడు కిలోలు ఎక్కువ బరువుంటారు. అమెరికాలో తరాల తరబడి సాగుతున్న ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో ఇదే జన్యువును పుట్టిన సంవత్సరం వారీగా విడదీసి చూస్తే, 1942కు ముందు పుట్టినవాళ్లలో దాని ప్రభావం కనబడలేదు. తర్వాత పుట్టినవాళ్లలోనే కనబడింది. వెనకటి తరాన్ని పరీక్షించిన శాస్త్రవేత్త దాన్ని లావు జన్యువు అని పిలిచి ఉండేవాడే కాదు.

ప్రవర్తనకు వచ్చేసరికి జన్యువుల వేటలో పరువు తక్కువ కథ ఒకటి ఉంది. 1990లు, 2000ల మొదట్లో పరిశోధకులు ఒక్కో గుణానికి ఒక్కో జన్యువును వెతికారు. సెరొటోనిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించిన ఒక జన్యువు డిప్రెషన్‌కు కారణమని, జీవితంలో కష్టాలు వచ్చినవాళ్లలో దాని ప్రభావం బయటపడుతుందని 2003లో వచ్చిన పత్రం ఎంతో పేరు తెచ్చుకుంది. దాని వెనక వందల పత్రాలు వచ్చాయి. 2019లో డిప్రెషన్‌కు సంబంధించి ఎక్కువగా అధ్యయనం చేసిన 18 జన్యువులను లక్షల మంది సమాచారంతో సరిచూస్తే, అవి ఊరికే చీటీలేసి తీసిన జన్యువులకన్నా మెరుగ్గా ఏమీ లేవు. మొదటి పరిశోధనలన్నీ చిన్న చిన్న నమూనాల మీద నడిచాయి. ఇరవై ఏళ్ల శ్రమలో చాలాభాగం నీళ్లలో పోసినట్టే అయింది.

మెదడులోని కొన్ని రసాయనాలను విరిచే ఎంజైమ్‌ను తయారుచేసే ఎంఏఓఏ జన్యువు కథ ఇంకా దూరం వెళ్లింది. 1993లో నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబంలో ఈ జన్యువు పూర్తిగా పనిచేయని మగవాళ్లు కనబడ్డారు, వాళ్లలో హింసా ప్రవృత్తి కూడా ఉంది. అది చాలా అరుదైన లోపం. కానీ ఆ జన్యువులో కోట్ల మందికి మామూలుగా ఉండే ఒక తేడాకు ‘యోధ జన్యువు’ అని పేరు తగిలించేశారు. 2009లో ఇటలీలోని ట్రియెస్టేలో ఒక అప్పీలు కోర్టు, హత్య కేసు నిందితుడికి ఈ తేడా ఉందన్న కారణాన్ని కూడా లెక్కలోకి తీసుకుని శిక్షలో ఏడాది తగ్గించింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న నమ్మకానికి లేబొరేటరీ ముద్ర పడితే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు.

నిజానికి ఎత్తు లాంటి సాదాసీదా లక్షణమే ఒక్క జన్యువుతో తేలదు. 2022లో దాదాపు 54 లక్షల మంది డీఎన్ఏను పరిశీలించి, ఎత్తుతో సంబంధం ఉన్న 12,111 స్థానాలను గుర్తించారు. ఒక్కోదాని ప్రభావం పిసరంత. ఎత్తుకే ఇన్ని కావాల్సి వస్తే, ఓర్పుకో భయానికో ఒకే జన్యువు దొరుకుతుందని ఆశించడమే అమాయకత్వం.

పైగా జన్యువు ప్రభావం చాలాసార్లు ఒంటి లోపలినుంచి తిన్నగా రాదు, బయటికి వెళ్లి చుట్టు తిరిగి వస్తుంది. పుస్తకాలంటే ఇష్టపడే బిడ్డకు పెద్దవాళ్లు పుస్తకాలు కొనిస్తారు, టీచర్లు ఇంకో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు, తనలాంటివాళ్లే స్నేహితులవుతారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఎవరితో సావాసం చేయాలో ఎంచుకోవడంలోనే జన్యువుల చెయ్యి ఉంటే ఆ సామెతను ఏ ఖాతాలో వేయాలి? తెలివితేటల పరీక్షల మీద నాలుగు దేశాల కవలలతో చేసిన అధ్యయనంలో హెరిటబిలిటీ తొమ్మిదేళ్ల వయసులో 41 శాతం, పన్నెండేళ్లకు 55, పదిహేడేళ్లకు 66 అని తేలింది. అనుభవాలు పెరిగేకొద్దీ తగ్గాల్సింది పోయి పెరిగింది. పెద్దయ్యేకొద్దీ పిల్లలు తమ పరిసరాలను తామే ఎంచుకుంటారు, మొదట్లో ఉన్న చిన్న మొగ్గు అలా పెరుగుతూ పోతుందన్నది దీనికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఒకరి జన్యువు ఇంకొకరికి పరిసరం కూడా కావచ్చు. మళ్లీ పీకేయూ దగ్గరికే వద్దాం. ఆ జబ్బు ఉన్న స్త్రీ గర్భవతిగా ఉన్నప్పుడు తిండి నియమం పాటించకపోతే, ఆమె రక్తంలోని ఫినైల్‌అలనైన్ కడుపులో బిడ్డ మెదడును, గుండెను దెబ్బతీస్తుంది. బిడ్డకు ఆ జబ్బు లేకపోయినా సరే. తల్లి జన్యువులు బిడ్డ ఒంట్లోకి రాకుండానే బిడ్డను మార్చాయి. చదువు విషయంలో ఇదే సంగతిని 2018లో ఐస్‌లాండ్ పరిశోధకులు చూపించారు. అమ్మానాన్నల డీఎన్ఏలో సగమే బిడ్డకు వస్తుంది. రాకుండా మిగిలిపోయిన సగాన్ని తీసుకుని చూస్తే, అది కూడా బిడ్డ ఎంతవరకు చదువుతుందన్నదానితో ముడిపడి ఉంది. బిడ్డకు అందిన సగం ప్రభావంలో ఇది దాదాపు 30 శాతం. బిడ్డ ఒంట్లో లేని జన్యువు బిడ్డ చదువును ఎలా ప్రభావితం చేస్తుంది? ఇంటి వాతావరణం ద్వారా తప్ప వేరే దారి లేదు.

జన్యువులకూ పరిసరాలకూ చెందనిది కూడా ఒకటుంది, అదే కాకతాళీయం. ఒకే అండం నుంచి పుట్టిన కవలల వేలిముద్రలు కూడా ఒకేలా ఉండవు. 2001 డిసెంబరులో టెక్సాస్‌లో పుట్టిన తొలి క్లోన్ పిల్లికి, ఏ పిల్లి కణం నుంచి దాన్ని తయారుచేశారో ఆ పిల్లిలో ఉన్న నారింజ రంగు మచ్చలు రాలేదు. ఆడ జీవుల్లో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఏది పనిచేయాలో పిండ దశలో కణం కణానికీ యాదృచ్ఛికంగా తేలుతుంది మరి. 2013లో ఒకే జన్యువులున్న 40 ఎలుకలను ఒకే పెద్ద ఆవరణలో మూడు నెలలు ఉంచి గమనించారు. రోజులు గడిచేకొద్దీ కొన్ని తెగ తిరిగేవిగా, కొన్ని మూల పట్టుకునేవిగా తయారయ్యాయి. తెగ తిరిగేవాటి మెదడులో కొత్త నాడీకణాలు ఎక్కువగా పుట్టాయి. జన్యువులూ ఒకటే, చోటూ ఒకటే. ‘ఒకే ఇంట్లో, ఒకేలా పెంచాం, ఇద్దరూ ఇంత తేడాగా ఎలా తయారయ్యారు’ అని వాపోయే అమ్మానాన్నలు తమ పెంపకంలో లోపం వెతుక్కునే ముందు ఈ ఎలుకల సంగతి తెలుసుకుంటే కాస్త టెన్షన్ తగ్గుతుంది.

రెండు వైపుల అతి వల్లా జనం నష్టపోయారు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో పేరు పెట్టిన జాతి మెరుగుదల సిద్ధాంతం (యూజెనిక్స్) పేరుతో అమెరికాలో 60 వేల మందికి పైగా, నాజీ జర్మనీలో సుమారు 4 లక్షల మందికి బలవంతంగా సంతాన నిరోధక ఆపరేషన్లు చేశారు. ఇది అందరికీ తెలిసిన చరిత్రే. రెండో వైపు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. గత శతాబ్దం మధ్యలో, అన్నిటికీ పెంపకమే కారణమన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో, ఆటిజం వచ్చిన పిల్లల తల్లులను ప్రేమ లేని మనుషులని డాక్టర్లే నిందించారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 కవల జంటలను పరిశీలించి, ఒకే అండం కవలల 11 జంటల్లో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉందని, రెండో రకం 10 జంటల్లో ఒక్కదానిలోనూ అలా లేదని చూపించారు. ఆ తల్లుల మీద పడిన నింద తొలగడానికి జన్యుశాస్త్రమే దారి తీసింది.

ఇప్పుడు కొన్ని కంపెనీలు ఐవీఎఫ్‌లో తయారైన పిండాల డీఎన్ఏకు స్కోర్లు వేసి, ఏ పిండాన్ని ఎంచుకోవాలో చెబుతామంటున్నాయి. 30 లక్షల మంది సమాచారంతో 2022లో తయారైన, ఎంతవరకు చదువుతారో డీఎన్ఏను బట్టి అంచనా వేసే చదువు స్కోరు మనుషుల మధ్య తేడాల్లో 12 నుంచి 16 శాతం వరకే వివరిస్తుంది, అదీ యూరప్ మూలాలున్నవాళ్లలో. ఒకే తల్లిదండ్రుల పిల్లల మధ్య పోల్చినప్పుడు ఆ స్కోరు ప్రభావం దాదాపు సగానికి పడిపోతుంది. ఇల్లు ఒకటే కాబట్టి, ఇంటి ద్వారా వచ్చే భాగం లెక్కలోంచి ఎగిరిపోతుంది. ఐవీఎఫ్ పిండాలు ఒకదానికొకటి తోబుట్టువులే. ఆ స్కోర్లకు ఆధారమైన మనుషులేమో ఇప్పటికే పెద్దవాళ్లయి, చదువులు ముగించినవాళ్లు. ఇవాళ ఎంచుకున్న పిండం బిడ్డై, కాలేజీకి వెళ్లేది ఇంకో పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు. ఎఫ్‌టీఓ జన్యువు 1942కు ముందు తరానికి ఒకలా, తర్వాతి తరానికి ఇంకోలా పనిచేసిందన్న సంగతి ఆ కంపెనీల బ్రోచర్లలో ఉండాల్సిన సమాచారం.